బార్డాల్ కట్టిన పళ్ళు

లూన్ రివర్ అనే ఉత్తరాది గనుల ఊళ్ళో పంటి డాక్టరు ఒక్కడే. ఆ ఒక్కడూ పదకొండేళ్ళ కిందట తన పళ్ళు ఊడగొట్టిన మనిషే కావడంతో, ఒరెస్ట్ సావ్‌చిన్ ఆర్నెల్లపాటు ఆ వీధి ఛాయలకు కూడా పోలేదు.

ఒరెస్ట్‌కి నలభై రెండేళ్ళు. రాగి గనిలో మనుషుల్ని కిందికి దించి మళ్ళీ పైకి లాగే యంత్రం నడుపుతాడు. ఆదివారం ఉక్రేనియన్ చర్చిలో పాట ఎత్తుకునేది కూడా అతనే. వాయిద్యాలు ఏమీ లేని చర్చి అది. పాట ఎత్తుకున్నవాడి గొంతు ఎటు పోతే జనమంతా అటు పోవలసిందే. పైవరసలో ఎడమవైపు ముందుపళ్ళు రెండూ పోయాక అతను గులాబీ రంగు కట్టుడుపళ్ళ ప్లేటు ఒకటి పెట్టించుకున్నాడు. అది అంగిటికి అతుక్కుని ఉన్నంతసేపూ పాట బాగానే ఉండేది. జారిందంటే మాత్రం "స" అన్న చోటల్లా ఈల వచ్చేది. ఒక పెళ్ళి విందులో అది ఊడి ఏకంగా బీట్‌రూట్ సూపు గిన్నెలోనే పడింది. అతని భార్య లేస్యా ఏమీ జరగనట్టు దాన్ని గరిటెతో తీసి, రుమాల్లో చుట్టి, బల్ల కిందనుంచి అతని చేతికిచ్చింది. ఆ సంగతి ఊరంతా తెలుసు.

ఎనభై మూడు జనవరిలో ఒక ఆదివారం, పాట మధ్యలో ఆ ప్లేటు రెండు ముక్కలయింది. ఒరెస్ట్ ఆ ముక్కల్ని అరచేతిలోకి ఊసి, జేబులో వేసుకుని, పూజ అయ్యేదాకా ఈలలు వేస్తూనే పాడాడు. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు లేస్యా అతన్ని అడగకుండానే ఫోన్ చేసి డాక్టర్ బార్డాల్ దగ్గర టైము తీసుకుంది.

"వాడి చేతుల్లో నా నోరు పెట్టను" అన్నాడు ఒరెస్ట్.

"అయితే మూసుకునే ఉండు. పాటకి ఇంకో మనిషిని చూసుకుంటారు" అంది లేస్యా.

ఆ పాత సంగతి ఆమెకూ తెలుసు. పదకొండేళ్ళ కిందట దక్షిణాది నుంచి కాలేజీ జట్టొకటి గనిజట్టుతో మంచు మీద హాకీ ఆడటానికి వచ్చింది. ఆ జట్టులోని ఐనార్ బార్డాల్ అప్పుడు ఇరవై రెండేళ్ళ విద్యార్థి. మూలలో అతనూ ఒరెస్టూ రబ్బరు బిళ్ళ కోసం పెనుగులాడుతుండగా బార్డాల్ కర్ర పైకి లేచింది. రిఫరీ చూడలేదు. ఒరెస్ట్ పళ్ళు రెండూ మంచు మీద పడితే, జట్టువాడొకడు వాటిని ఏరి కాగితం కప్పులో వేశాడు. నొప్పి ఎప్పుడో మరిచిపోయాడు గానీ, ఆ కుర్రవాడు వెనక్కి తిరిగి చూడనైనా చూడకుండా జారుకుంటూ వెళ్ళిపోవడం ఒరెస్ట్ మరిచిపోలేదు. పాత డాక్టరు పని మానేసి, కొత్త డాక్టరు పేరు బోర్డు మీద చూసినప్పుడు అతనికి ఆ వీపే కళ్ళముందు మెదిలింది.

బార్డాల్ పొడుగ్గా, పల్చగా ఉంటాడు. కనుబొమలు తెల్లగా, ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. కుర్చీలో పడుకున్న ఒరెస్ట్ నోట్లోకి దీపం తిప్పి, ఇవి ఎలా పోయాయని అడిగాడు.

"నీ కర్రనడుగు."

బార్డాల్ చేతిలో అద్దం ఆగింది. కాసేపు అతని మొహంలోకి చూశాడు.

"ఏడో నంబరు చొక్కా" అన్నాడు. "అవును. నువ్వే."

ఒరెస్ట్ క్షమాపణ కోసం ఎదురుచూశాడు. దాన్ని తిప్పి అతని మొహానే కొట్టడానికి మాటలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. క్షమాపణ రాలేదు. నోరు ఇంకాస్త తెరవమన్నాడు బార్డాల్, అంతే.

చూడటం అయ్యాక సంగతి చెప్పాడు. ప్లేటు కాకుండా కదలని పళ్ళు కావాలంటే బ్రిడ్జి కట్టాలి. పోయిన రెండు పళ్ళ స్థానంలో పెట్టేవి ఊరికే గాల్లో నిలవవు గనక, అటున్న పన్నునూ ఇటున్న కోరపన్నునూ చెక్కి సన్నం చేసి, వాటికి తొడుగులు వేసి, నాలుగింటినీ ఒకే ముక్కగా అతికించాలి.

"అటూ ఇటూ ఉన్నవాటికేం రోగం?" అన్నాడు ఒరెస్ట్.

"ఏమీ లేదు. మంచి పళ్ళే."

"అంటే అప్పుడు రెండు ఊడగొట్టావు. ఇప్పుడు బాగున్నవి ఇంకో రెండు చెక్కేస్తావు."

"ప్లేటే కావాలంటే ప్లేటే చేయిస్తా. మళ్ళీ సూపులో పడేసుకుందువుగాని."

పక్కన నిలబడ్డ వెర్నా నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకుంది. వెర్నా స్పెన్స్ అక్కడ పాత డాక్టరు కాలం నుంచీ పనిచేస్తోంది. ఆమె తమ్ముడు ఒరెస్ట్ షిఫ్టులోనే గనిలోకి దిగుతాడు. సూపు సంగతి ఇక్కడికి ఎలా వచ్చిందో ఒరెస్ట్‌కి అప్పుడర్థమయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆదివారం వెనక వరసలో వినబడ్డ నవ్వు గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి వాలాడు.

"కానియ్" అన్నాడు.

పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మర గీపెడుతుంటే నోట్లోంచి కాలిన కొమ్ము వాసన వచ్చింది. కళ్ళు మూసుకుంటే భయపడ్డానని అనుకుంటాడేమోనని ఒరెస్ట్ రెప్ప వేయకుండా బార్డాల్‌నే చూస్తూ పడుకున్నాడు. బార్డాల్ మాత్రం అతని కళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత అద్దం ఇస్తే, రెండు మంచి పళ్ళూ అరగదీసిన సుద్దముక్కల్లా మిగిలి కనబడ్డాయి. అచ్చు తీసి, రంగు సరిచూసి, అసలు బ్రిడ్జి విన్నిపెగ్ నగరంలో పింగాణీతో తయారై రావడానికి రెండు వారాలు పడుతుందన్నాడు బార్డాల్. అప్పటిదాకా ప్లాస్టిక్‌ది ఒకటి తేలికపాటి జిగురుతో అతికించాడు. గట్టివి కొరకవద్దు, ఆటలకు పోవద్దు అని కాగితం మీద రాసిచ్చాడు.

పది రోజులకు శనివారం మధ్యాహ్నం గనిజట్టుకూ, రాగి కరిగించేవాళ్ళ కొలిమిజట్టుకూ ఆ ఏడాది మొదటి ఆట. గనిజట్టులో ఒరెస్ట్ పద్దెనిమిదో ఏట నుంచి ఉన్నాడు. బార్డాల్ ఊళ్ళోకి వచ్చిన నెలకే కొలిమిజట్టులో చేరాడు. లేస్యా వద్దంది. వద్దన్నందుకే కాదుగానీ, ఆ కాగితం మీద బార్డాల్ రాత చూసిన ప్రతిసారీ ఒరెస్ట్‌కి ఒళ్ళు మండేది. స్కేట్లు భుజాన వేసుకుని వెళ్ళాడు.

మొదటి భాగంలో బార్డాల్ అతని పక్కనుంచి జారుతూ, "ఆడొద్దని రాసిచ్చాను. చదవడం రాదా?" అన్నాడు.

ఒరెస్ట్ బిళ్ళ వెంట పోయాడు. రెండో భాగంలో బార్డాల్ అతని కర్ర కిందనుంచి బిళ్ళ లాక్కుని గోలు కొట్టాడు. ఇంకాసేపటికి మళ్ళీ అలాగే లాక్కుని, గనిజట్టు కూర్చునే బల్ల ముందునుంచి పోతూ, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"నెమ్మదిరా సావ్‌చిన్. అది ఊడితే మళ్ళీ నా దగ్గరికే ఏడుస్తూ రావాలి."

సొంత జట్టువాళ్ళే నవ్వారు. అది ఒరెస్ట్ విన్నాడు. తర్వాత బార్డాల్ మైదానం చుట్టూ ఉన్న చెక్కగోడ దగ్గర బిళ్ళ కోసం వంగినప్పుడు, కర్రను పట్టుకున్న అతని కుడిచెయ్యి ఒరెస్ట్‌కి దగ్గరగా, స్పష్టంగా కనబడింది. అతను రెండు చేతులతో కర్ర ఎత్తి ఆ చేతిమీద దించాడు.

చప్పుడుకి కర్ర విరిగిందనుకున్నారంతా. కర్ర విరగలేదు. బార్డాల్ అరవలేదు, మోకాళ్ళమీద కూర్చుని పళ్ళతో చేతితొడుగు లాగేసుకున్నాడు. చిటికెన వేలూ ఉంగరం వేలూ ఉండాల్సిన వైపు కాక మరో వైపు తిరిగి ఉన్నాయి. మంచు మీద జనం చేరారు. రిఫరీ ఒరెస్ట్‌ని బయటికి పొమ్మని చెయ్యి చూపించాడు. వెళ్తున్నవాణ్ణి బార్డాల్ వెనకనుంచి పిలిచాడు.

"ఇప్పుడు ఈ ఊళ్ళో పళ్ళెవరు పీకుతారో నువ్వే చెప్పు."

అన్నేళ్ళ కడుపుమంట చల్లారినట్టే అనిపించింది ఒరెస్ట్‌కి. ఆ సంతోషం బట్టలు మార్చుకునే గది దాకా కూడా నిలవలేదు. లోపలికి వచ్చిన జట్టువాళ్ళు ఒక్కరూ అతని పక్కన కూర్చోలేదు.

బార్డాల్‌ని విమానంలో విన్నిపెగ్ తీసుకుపోయి చేతికి ఇనుప చువ్వలు వేశారు. రెండు నెలలపైన కట్టు ఉండాలన్నారు. క్లినిక్ తలుపుకి వెర్నా మూశామని రాసిన అట్ట తగిలించింది. ఆపైన ఎవరికి పన్ను నొప్పి వచ్చినా నూట డెబ్బై కిలోమీటర్లు మంచురోడ్డు మీద పడి థాంప్సన్ పట్నం పోవాలి. పోలేనివాళ్ళు లవంగం నూనె దూది పెట్టుకుని బుగ్గ పట్టుకుని తిరిగేవారు. అలా తిరిగే ప్రతివాడూ ఒరెస్ట్ కనబడితే ఆగి, ఏమీ అనకుండా బుగ్గ చూపించి పోయేవాడు. గనిలో షిఫ్టు అధికారికి చిగుళ్ళు వాచి ఒక కన్ను మూసుకుపోయింది. హాకీ సంఘం ఒరెస్ట్‌ని రెండేళ్ళు ఆడకుండా చేసింది. అసలు బాధ లేస్యాతో వచ్చింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. వండిపెట్టేది, అవసరమైనంతే మాట్లాడేది.

మూడోవారం ఆమే ఒక మాట చెప్పింది. ప్రతి శనివారం తమ వ్యాన్‌లో పంటి నొప్పులవాళ్ళని అతను థాంప్సన్ తీసుకుపోయి తీసుకురావాలి. వెర్నాతో మాట్లాడేశానంది. పేర్ల జాబితా వెర్నా ఇస్తుంది.

"నేనేం వాళ్ళ నౌకర్నా?" అన్నాడు ఒరెస్ట్.

"కాదు. వాళ్ళ డాక్టరు చెయ్యి విరగ్గొట్టినవాడివి."

మొదటి శనివారం మిసెస్ ప్రూడెన్ అనే డెబ్బై అయిదేళ్ళ ఆవిడ ముందు సీట్లో కూర్చుని, వాచిన దవడతోనే దారంతా అతన్ని కడిగి వదిలిపెట్టింది. మీ నాన్న మంచివాడు, నీకు ఈ బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదంది. గతుకు వచ్చినప్పుడల్లా మూలిగి, అది కూడా నీ ఖాతాలోనే అంది. వెనక సీట్లో కూర్చున్న ముగ్గురూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఒరెస్ట్ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

రెండో శనివారం తెల్లవారుజామున, గని క్యాంటీన్‌లో టోస్టు కొరుకుతుంటే ప్లాస్టిక్ బ్రిడ్జి రెండుగా పగిలింది. చెక్కిన పళ్ళు రెండూ బయటపడ్డాయి. ఆరోజు బయట మైనస్ ముప్పై ఆరు. తలుపు తీసి గాలి పీల్చగానే నుదుటి దాకా కత్తి దిగినట్టయి, కళ్ళలో నీళ్ళు వచ్చి రెప్పల మీదే గడ్డకట్టాయి. నోటికి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని, ముక్కుతోనే ఊపిరి తీస్తూ వ్యాన్ నడిపాడు. థాంప్సన్‌లో డాక్టరు పగిలినదాన్ని మళ్ళీ అతికించి, ఇది వారం నిలిస్తే గొప్ప అన్నాడు. అసలు బ్రిడ్జి ఎక్కడుందని అడిగాడు. ఊళ్ళో బార్డాల్ దగ్గర పెట్టెలో ఉందని వెర్నా చెప్పిన మాటే ఒరెస్ట్ చెప్పాడు. అది తెచ్చుకో, నేను పెడతానన్నాడు ఆయన.

తెచ్చుకోవాలంటే అడగాలి. ఆ వారమంతా ఒరెస్ట్ అడగలేదు. శుక్రవారం అతికించింది మళ్ళీ ఊడింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవడానికి ఫాదర్ వేరే మనిషిని పిలిచాడు. ఒరెస్ట్ మఫ్లర్‌తోనే చివరి వరసలో నిలబడ్డాడు. పాట తప్పులతో నడిచింది. ఎవరూ నవ్వలేదు.

సోమవారం షిఫ్టు అయ్యాక అతను క్లినిక్ తలుపు కొట్టాడు. బార్డాల్ లోపల, కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో, ఎడమచేత్తో కాగితాలు తిప్పుతున్నాడు. వెర్నా అలమార తుడుస్తోంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"పెట్టె ఇస్తే పోతాను" అన్నాడు ఒరెస్ట్. మఫ్లర్ లోంచి మాట సరిగా రాలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"ఎక్కడ పెట్టించుకుంటావు?"

"థాంప్సన్‌లో."

"నేను అచ్చు తీసిన పని ఇంకొకడు పెట్టడు."

"నువ్వు పెట్టలేవు కదా."

బార్డాల్ కట్టు ఉన్న చెయ్యి బల్లమీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు ఒరెస్ట్ పదకొండేళ్ళుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగాడు.

"ఆరోజు కావాలనే కొట్టావా?"

"కావాలనే" అన్నాడు బార్డాల్, వెంటనే. "అంతకుముందు నువ్వు మా గోలు కాసేవాణ్ణి పడేశావు. నిన్ను కొట్టాలనే కర్ర ఎత్తాను. పళ్ళకి తగలాలని కాదు, నీకెక్కడైనా తగలాలని. మరి నువ్వు?"

ఒరెస్ట్‌కి అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. జారిందనో, తొందరలో అనో అనొచ్చు. ఊళ్ళో అందరికీ అదే చెప్పాడు. లేస్యాకీ అదే చెప్పాడు.

"చేతికే" అన్నాడు. "చెయ్యి చూసే కొట్టాను."

తుడుస్తున్న వెర్నా ఆగిపోయింది. తన గొంతులో ఆ మాట విన్నాక ఒరెస్ట్‌కి తేడా కనబడింది. ఎదటివాడు కోపంతో కొట్టాడు. తాను మాత్రం ఆ చేత్తో అతను బతుకుతున్నాడని తెలిసి, చూసి, లెక్కగా కొట్టాడు. ఇన్నాళ్ళూ ఇద్దరిదీ ఒకటే అనుకున్నాడు. కాదు.

బార్డాల్ లేచాడు. మొహం పాలిపోయింది.

"కుర్చీ ఎక్కు" అన్నాడు.

"డాక్టర్, వద్దు. ఈరోజు వద్దు" అంది వెర్నా.

"దీపం వెయ్యి వెర్నా." తర్వాత ఒరెస్ట్ వైపు తిరిగాడు. "మత్తు సూది ఎడమచేత్తో గుచ్చలేను. గుచ్చితే ఎక్కడ దిగుతుందో నాకే తెలియదు. ఓర్చుకుంటే పెడతాను. లేకపోతే పో. పెట్టె మాత్రం ఇవ్వను."

ఒరెస్ట్ మఫ్లర్ విప్పి కుర్చీ ఎక్కాడు.

గంటన్నర పట్టింది. పాత జిగురు గీకుతుంటే అతని రెండు పిడికిళ్ళూ కుర్చీ చేతుల్ని పట్టుకుని తెల్లబడ్డాయి. చెక్కిన పళ్ళమీద వెర్నా గాలి కొట్టి ఆరబెట్టినప్పుడు నడుం దానంతటదే పైకి లేచింది. బార్డాల్ ఆగలేదు, నొప్పిగా ఉందా అని అడగలేదు. కానీ తొందరపడనూ లేదు. ఎడమచేతి వేళ్ళు వణికితే చెయ్యి వెనక్కి తీసుకుని, అది కుదురుకునేదాకా నిలబడి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నీలం కాగితం కొరికించి, ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసి, వెర్నా చేత అరగదీయించి, మళ్ళీ కొరికించాడు. అలా ఏడెనిమిది సార్లు. ఆఖరికి జిగురు పూసి, నాలుగు పళ్ళ ముక్కను లోపలికి నొక్కి, దూది పెట్టి, కొరికి పట్టుకోమన్నాడు. అతని నుదుటి చెమట ఒరెస్ట్ చెంపమీద పడింది. ఇద్దరిలో ఎవరూ తుడవలేదు.

దూది తీశాక బార్డాల్ అద్దం ఇవ్వలేదు.

"ఏదైనా 'స' మాట చెప్పు."

"సావ్‌చిన్" అన్నాడు ఒరెస్ట్. ఈల రాలేదు.

"దానికింద రోజూ దారంతో శుభ్రం చెయ్యాలి. ఎలాగో వెర్నా చూపిస్తుంది. ఏడాదికోసారి డాక్టరుకి చూపించుకోవాలి. థాంప్సన్‌లో చూపించుకో. ఇంక నా గుమ్మం ఎక్కొద్దు."

ఒరెస్ట్ కోటు వేసుకున్నాడు. అంతకుముందు అనలేకపోయిన క్షమాపణ మాట ఇప్పుడైనా అందామని తలుపు దగ్గర నిలబడ్డాడు. "డాక్టర్, నేను..." అని మొదలుపెట్టాడు.

"నాకొద్దు" అన్నాడు బార్డాల్. వెర్నా అందించిన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. "పళ్ళు నేను కట్టినవి గనక పెట్టాను. నీకోసం కాదు. వెళ్ళేటప్పుడు తలుపు గట్టిగా లాగు, చలి వస్తోంది."

ఇంటికి వెళ్ళాక ఒరెస్ట్ లేస్యాకి నిజం చెప్పాడు. చెయ్యి చూసే కొట్టానన్నాడు. ఆమె పిండి కలుపుతున్న చేతులు ఆపి విని, నాకు తెలుసు, ఆరోజు నేనూ అక్కడే కూర్చున్నాను అంది. మళ్ళీ పిండి కలపడంలో పడింది. ఆ తర్వాత ఆమె మునుపటిలా మాట్లాడటానికి వేసవి దాకా పట్టింది.

పాటకి ఫాదర్ మళ్ళీ పిలిచాడు. ఈస్టరు దాకా ఒరెస్ట్ ఒప్పుకోలేదు. శనివారం వ్యాన్ మాత్రం ఏప్రిల్ చివరిదాకా నడిపాడు. తన పళ్ళు బాగయ్యాయి కదా, ఇంకెందుకని గనిలో ఎవరో అంటే విననట్టు ఊరుకున్నాడు. మే నెలలో క్లినిక్ మళ్ళీ తెరిచారు. బార్డాల్ చిటికెన వేలు పూర్తిగా ముడుచుకోదని, పన్ను పీకేటప్పుడు పట్టు కోసం భంగిమ మార్చుకోవలసి వస్తోందని వెర్నా తమ్ముడు చెప్పాడు. బార్డాల్ మళ్ళీ స్కేట్లు కట్టలేదు. రెండేళ్ళ నిషేధం తీరాక ఒరెస్ట్ కూడా కట్టలేదు. దుకాణంలో ఎదురుపడితే ఇద్దరిలో ఎవరో ఒకరు పక్క వరసలోకి తిరిగేవారు. ఎక్కువసార్లు ఒరెస్టే తిరిగేవాడు.

పళ్ళు పెట్టిన మరుసటి ఏడు ఫిబ్రవరిలో అతను థాంప్సన్ వెళ్ళాడు. అక్కడి డాక్టరు దీపం దగ్గరికి లాగి, అద్దం అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు. అంచులు ఎక్కడ మొదలవుతున్నాయో వేలికి కూడా తెలియడం లేదన్నాడు. ఎవరు పెట్టారని అడిగాడు.

"బార్డాల్. ఎడమచేత్తో పెట్టాడు."

ఆయన నమ్మనట్టు నవ్వాడు. అంత మంచి డాక్టరు ఊళ్ళోనే ఉండగా, ఈ చలిలో ఇంతదూరం ఎందుకొచ్చావని అడిగాడు.

"రావద్దన్నాడు" అన్నాడు ఒరెస్ట్.

ఆయన ఇంకేదో అడగబోయి, అతని మొహం చూసి మానేశాడు. బయట మంచు మొదలయింది. ఒరెస్ట్ వ్యాన్ అద్దం మీద మంచు గీకి, ఎక్కి, ఇంటిదారి పట్టాడు.